రబ్బీ కాబోయేవాళ్లనీ పాస్టర్ కాబోయేవాళ్లనీ ఇజ్రాయెల్–పాలస్తీనా గురించి మాట్లాడుకోవడానికి కూర్చోబెట్టడం ఎలా?

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద 122వ వీధి దగ్గర నిలబడితే ఒక పక్క జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ, రోడ్డు దాటితే యూనియన్ థియలాజికల్ సెమినరీ కనిపిస్తాయి. ఒకదాంట్లో రబ్బీలు (యూదు మతగురువులు) తయారవుతారు, రెండోదాంట్లో పాస్టర్లు. ఇటువైపు ప్రొఫెసరైన రబ్బీ అబ్రహాం జాషువా హెషెల్ 1965లో విజిటింగ్ ప్రొఫెసర్‌గా అటువైపు వెళ్లి పాఠాలు చెప్పారు. అటువైపు పెద్దాయన, వేదాంతి రైన్‌హోల్డ్ నీబూర్ 1971లో చనిపోతే అంత్యక్రియల్లో మాట్లాడింది కూడా హెషెలే. రెండు మతాల చదువులు అంత దగ్గరగా నడిచిన దేశంలోనే గాజా మాట రాగానే ఇప్పుడు గొంతులు మూగబోతున్నాయి, లేకపోతే పెరిగిపోతున్నాయి.

ఎం.డివ్. (పాస్టర్ల డిగ్రీ) చదవడానికి అమెరికా వస్తున్న మన తెలుగువాళ్లు ఈ పరిస్థితిలో ఎక్కడో ఒకచోట చిక్కుకుంటారు. ఎక్కువగా సీపీఈలో (క్లినికల్ పాస్టొరల్ ఎడ్యుకేషన్). హాస్పిటల్లో రోగుల పక్కన కూర్చోవడం నేర్పే శిక్షణ అది, ఒక యూనిట్ అంటే 400 గంటలు. రబ్బీ విద్యార్థి, లూథరన్, క్యాథలిక్, బాప్టిస్టు అందరూ ఒకే గదిలో ఉంటారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. 2023 అక్టోబర్‌లో హమాస్ దాడి, గాజా యుద్ధం మొదలయ్యాక మా బృందంలో ఐసీయూ గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం, లంచ్ దగ్గర మాత్రం ఎవరి ఫోన్ వాళ్లు చూసుకునేవాళ్లం. ఆ మౌనం భరించలేక ఒక చర్చ ఏర్పాటు చేస్తే అది గంటలో పేలిపోయింది. తర్వాత నేర్చుకుని ఇంకొన్ని చేశాను. మీరు చేయాలనుకుంటే పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఎందుకో తేల్చుకోండి

సమస్యకు పరిష్కారం కనుక్కోవడానికైతే మానేయండి. 1993లో వైట్‌హౌస్ లాన్‌లో చేతులు కలిపిన ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల వల్లే కానిది పన్నెండుమంది విద్యార్థుల వల్ల కాదు. మనసులు మార్చడానికైనా వద్దు, ఆ ఉద్దేశం మొదటి పది నిమిషాల్లోనే వాసన వస్తుంది.

వీళ్లు మామూలు విద్యార్థులు కాదు. రెండు మూడేళ్లలో ఒకళ్లు శనివారం, ఒకళ్లు ఆదివారం వందమంది ముందు నిలబడి మాట్లాడతారు. కాబట్టి నేను పెట్టుకునే గురి చిన్నది: అవతలివాడి వాదన అవతలివాడే తలూపేలా చెప్పగలగాలి. ఇది నా సొంత తెలివి కాదు, యూదు పండితుల చర్చల గ్రంథం తాల్ముద్‌లో ఉంది. హిల్లెల్, షమ్మాయి అని పాతకాలపు ఇద్దరు యూదు గురువుల శిష్యులకు మూడేళ్లు వాదన జరిగిందట. చివరికి ఆకాశవాణి వినిపించి, ఇవీ అవీ రెండూ సజీవుడైన దేవుని మాటలే అంది, అయినా ఆచారం మాత్రం హిల్లెల్ పక్షాన నిలిచింది. ఎందుకంటే వాళ్లు సౌమ్యులు, పైగా తమ మాటకంటే ముందు షమ్మాయివాళ్ల మాట చెప్పేవాళ్లు. రబ్బీ విద్యార్థులకు ఈ కథ కంఠతా వచ్చు. మొదటి రోజు దాన్ని వాళ్లతోనే చెప్పించండి.

మనుషుల ఎంపిక

పదిమంది నుంచి పన్నెండుమంది, అటూ ఇటూ సమానంగా. నడిపేవాళ్లు ఇద్దరు, ఒకరు యూదులు, ఒకరు క్రైస్తవులు. ఆ ఇద్దరికీ ముందే పరిచయం ఉండాలి, గొడవ వచ్చినా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకోగలిగేంత.

ప్రతి ఒక్కరితో విడిగా అరగంట ఫోన్లో మాట్లాడండి. ఈ పని మానేసి నేరుగా మీటింగ్ పెట్టినందుకే నా మొదటి ప్రయత్నం పాడైంది. ఫోన్లో మూడు అడగండి. అక్కడ మీకు ఎవరున్నారు? ఏ మాట వింటే లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది? ఏ మాట మీ నోట రాకుండా భయపడుతున్నారు? మొదటి ప్రశ్న ముఖ్యం. రబ్బీ విద్యార్థుల్లో చాలామంది చదువులో భాగంగా ఒక ఏడాది జెరూసలేంలో ఉండి వస్తారు. వాళ్లకు అక్కడ కాఫీ షాపు తెలుసు, సైరన్ మోగితే పరుగెత్తిన మెట్లు తెలుసు, సైన్యంలో ఉన్న దోస్తు తెలుసు. క్రైస్తవ విద్యార్థి ఒకవేళ వెళ్లి ఉంటే బెత్లెహేములో ఎవరింట్లోనో బస చేసి ఉంటాడు, చెక్‌పాయింట్ దగ్గర తెల్లవారుజాము లైన్లు చూసి ఉంటాడు. ఇద్దరూ వెళ్లింది పక్కపక్కనున్న ఊళ్లకే, చూసొచ్చింది మాత్రం వేరు.

ఇంకో పొరపాటు, అటువైపంతా ఒకే మాట మీద ఉంటారనుకోవడం. 2021 మేలో గాజాలో యుద్ధం జరుగుతుండగా సుమారు 90 మంది రబ్బీ విద్యార్థులు ఇజ్రాయెల్ తీరును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు, దానిమీద యూదు సమాజంలో పెద్ద దుమారం లేచింది. ఇటు 2014లో అమెరికా ప్రెస్బిటేరియన్ చర్చి (పీసీయూఎస్ఏ) ఇజ్రాయెల్ ఆక్రమణకు తోడ్పడుతున్నాయన్న మూడు కంపెనీల్లోంచి తన పెట్టుబడి వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఓటు పెడితే 310 మంది అవునన్నారు, 303 మంది కాదన్నారు. ఏడు ఓట్ల తేడా! అందుకే ఇద్దరినీ కలిపే ముందు యూదు విద్యార్థులను విడిగా, క్రైస్తవ విద్యార్థులను విడిగా ఒక్కో పూట కూర్చోబెట్టండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ గెలవక్కర్లేదు గానీ, ఇంట్లో ఉన్న విభేదాలు ఇంట్లోనే ఒకసారి బయటపెట్టుకుంటే రచ్చలో అవతలివాళ్ల ముందు కొట్టుకునే బాధ తప్పుతుంది.

తేదీ, చోటు, తిండి

వీటిని చిన్న విషయాలనుకోకండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం సబ్బాతు, ఆదివారం చర్చి. మంగళవారమో బుధవారమో సాయంత్రం మంచిది. శ్రమల వారంలో అసలు పెట్టకండి. గుడ్ ఫ్రైడే ప్రసంగాలు విని బయటికొచ్చిన జనం యూదుల ఇళ్లమీద పడ్డ చరిత్ర యూరప్‌లో శతాబ్దాలపాటు ఉంది, ఆ జ్ఞాపకం వాళ్లకు పోలేదు. మే నెల మధ్యలో కూడా జాగ్రత్త. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో దాదాపు ఏడు లక్షలమంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది, దాన్ని నక్బా అని మే 15న తలచుకుంటారు. ఒకళ్ల దేశం పుట్టిన తేదీకి మర్నాడే ఇంకొకళ్ల సంతాపం.

చోటు మారుస్తూ ఉండండి, ఒక వారం వాళ్ల దగ్గర, ఒక వారం వీళ్ల దగ్గర. సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థన మందిరానికి, వెళ్తుంటే గేటు దగ్గర గార్డు ఉంటాడు, బ్యాగ్ తెరవమంటాడు. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో సినగాగ్‌లో ప్రార్థన జరుగుతుండగా ఒకడు కాల్పులు జరిపి 11 మందిని చంపాడు. ఆ సంగతి క్రైస్తవ విద్యార్థులకు బయల్దేరే ముందే చెప్పండి, లేకపోతే గుడికి ఇంత సెక్యూరిటీ ఎందుకని అక్కడే అడిగేస్తారు.

తిండి విషయంలో నా బోల్తా చెప్పాలి. వెజిటేరియన్ అయితే చాలు కదా అని తెల్లవారి లేచి పెద్ద గిన్నెడు పులిహోర కలిపి పట్టుకెళ్లాను. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే ముగ్గురు మొహమాటంగా నవ్వి నీళ్లు తాగి ఊరుకున్నారు. వండిన పదార్థమే కాదు, వండిన గిన్నె, ఆ గిన్నెలో అంతకుముందు ఏం వండారు, అన్నీ లెక్కే. మడి కట్టుకునే అమ్మమ్మ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కోషర్ ముద్ర ఉన్న సీలు తీయని ప్యాకెట్లు, కోయని పళ్లు, పేపర్ ప్లేట్లు. అంతే. పులిహోర నేనే రెండు రోజులు తిన్నాను.

నియమాలు

బోస్టన్ దగ్గర బ్రూక్‌లైన్‌లో 1994 డిసెంబర్‌లో అబార్షన్ క్లినిక్‌ల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయాక, అబార్షన్‌కు అనుకూలంగా, వ్యతిరేకంగా ఉన్న ఆరుగురు మహిళా నాయకులు ఐదేళ్లకు పైగా రహస్యంగా కలుసుకున్నారు. 2001లోగానీ ఆ సంగతి బయటపెట్టలేదు. ఎవరి అభిప్రాయమూ మారలేదు. మాట్లాడే తీరు మారింది. వాళ్లను కూర్చోబెట్టినవాళ్లు వాడిన పద్ధతుల్లోంచి నేను తీసుకున్నవి: ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు, సోషల్ మీడియాలో అసలే వద్దు. ఒకళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. అడిగినదానికి జవాబివ్వడం ఇష్టం లేకపోతే 'పాస్' అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. 'మావాళ్లంతా' అని కాకుండా 'నేను' అని మాట్లాడాలి. టైమర్ ఉండాలి. టైమర్ పెడితే మొదట నవ్వుతారు, మూడో వారానికి వాళ్లే అడిగి పెట్టించుకుంటారు, ఎందుకంటే పెద్ద గొంతువాడికీ చిన్న గొంతువాడికీ అవే మూడు నిమిషాలు.

మొదటి రోజు: పేరు ఎప్పుడు విన్నారు?

వార్తలు వద్దు. ఒకే ప్రశ్న: 'ఇజ్రాయెల్ అనే పేరు, పాలస్తీనా అనే పేరు మీరు మొదటిసారి ఎప్పుడు, ఎవరి నోట విన్నారు?' మనిషికి మూడు నిమిషాలు.

నా వంతు వచ్చినప్పుడు తెలుగులో ఉన్న ఒక చిత్రం చెప్పాను. మా ఇంట్లో బైబిల్లో 'ఇశ్రాయేలు' ఉండేది, పేపర్లో 'ఇజ్రాయెల్' ఉండేది. అక్కడ 'యెరూషలేము', ఇక్కడ 'జెరూసలేం'. చిన్నప్పుడు అవి రెండు వేర్వేరు చోట్లనుకున్నాను. పెద్దయ్యాక చూస్తే మా చర్చిలో చాలామంది సరిగ్గా ఎదురు తప్పు చేస్తున్నారు, యాకోబుకు దేవుడు పెట్టిన పేరునూ 1948లో పుట్టిన దేశాన్నీ కలిపేసి, పాస్‌పోర్టు ఉన్న ఒక ప్రభుత్వం ఏం చేసినా కీర్తనల్లోంచి ఆమేన్ చెప్పేస్తున్నారు. అంతకంటే పెద్ద ప్రమాదం, బైబిల్లో ఇశ్రాయేలు శత్రువులైన 'ఫిలిష్తీయులు', ఇవాళ్టి 'పాలస్తీనీయులు' ఒకటే అనుకోవడం. పేరు అక్కడినుంచే వచ్చింది నిజమే గానీ, ఇవాళ్టి పాలస్తీనీయుడు గొల్యాతు మనవడు కాదు. వాళ్లలో క్రైస్తవులు కూడా ఉన్నారు, బెత్లెహేములో, బేత్ సహూర్‌లో, రమల్లాలో. గాజాలో సెయింట్ పోర్ఫీరియస్ అనే పాత గ్రీకు ఆర్థడాక్స్ చర్చి ఉంది. 2023 అక్టోబర్‌లో ఆ ఆవరణలో తలదాచుకున్నవాళ్లు బాంబుదాడిలో చనిపోయారు.

ఇది విన్న ఒక రబ్బీ విద్యార్థిని, 'మా హీబ్రూలో ఒకే మాట, విడదీయడానికి రెండో స్పెల్లింగ్ లేదు' అంది. ఆ ఒక్క వాక్యం ఆ తర్వాత నెలలపాటు మాకు పనికొచ్చింది. పొద్దున ప్రార్థనలో 'ఇశ్రాయేలూ, విను' అని పలికే నోటితోనే సాయంత్రం వార్తల్లో ఆ పేరు విని సిగ్గుపడాలన్నా, గర్వపడాలన్నా ఆమెకు తప్పించుకునే దారి లేదు.

రెండో, మూడో వారం: ఇద్దరిద్దరుగా వాక్యం చదవండి

యూదుల చదువులో హవ్రూతా అని ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒక పాఠాన్ని బిగ్గరగా చదువుతూ వాదించుకుంటూ నేర్చుకోవడం. యూదు విద్యార్థి ఒకరు, క్రైస్తవ విద్యార్థి ఒకరు జతగా కూర్చోవాలి. నలభై నిమిషాలు ఒక్క భాగం చాలు.

నేను వాడేవి మూడు. ఆదికాండము 21లో హాగరునూ పిల్లవాణ్నీ ఎడారికి పంపేసిన కథ. లేవీయకాండము 25లో, భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులు అని దేవుడు అనే చోటు. మొదటి రాజులు 21లో నాబోతు ద్రాక్షతోట. నాబోతు కథ దగ్గర వేడి పుడుతుంది. ఒక రైతు నా తాతల భూమి ఇవ్వనంటాడు, రాజుకు అది కావాలి, రాణి దొంగసాక్ష్యాలు పుట్టించి చంపిస్తుంది. 'ఇక్కడ నాబోతు ఎవరు?' అని మీరు అడగకండి. అడగకపోయినా వాళ్లే అడుగుతారు, ఇద్దరూ తామే నాబోతు అనుకునే క్షణం వస్తుంది. అప్పుడు, 'నువ్వు ఆ రాజు అహాబువైతే, ప్రవక్త ఏలీయా నీకేం చెప్తాడు?' అని ఇద్దరినీ అడగండి.

క్రైస్తవ విద్యార్థులకు ఒక హెచ్చరిక. 'అది పాత నిబంధన దేవుడు, యేసు వచ్చాక మారింది' అనే మాట అలవాటుగా వచ్చేస్తుంది. చర్చి వచ్చింది కాబట్టి యూదుల పని అయిపోయింది అనే ఆ ధోరణిని వాళ్లు వెంటనే పసిగడతారు. వాటికన్ 1965 అక్టోబర్ 28న నోస్త్రా ఏతాతే ప్రకటనలో యేసు మరణానికి యూదులందరినీ బాధ్యుల్ని చేయకూడదని చెప్పింది. అది కాగితం మీదికి వచ్చి అరవయ్యేళ్లయింది, ప్రసంగాల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు.

నాలుగో వారం: అసలు మాట

ఒక గోడకు చార్టు అంటించి కొన్ని పదాలు రాయండి: జయోనిజం (యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమం), ఆక్రమణ, నక్బా, యాంటిసెమిటిజం (యూదుల మీద ద్వేషం), జెనోసైడ్ (జాతి నిర్మూలన), బందీలు, పాలస్తీనా శరణార్థులు తిరిగొచ్చే హక్కు. ఏ పదం వాడాలో, ఏది వాడకూడదో తేల్చకండి. ఒక్కొక్కరూ ఒక పదం ఎంచుకుని, అది చెవిన పడగానే తనకు ఏం కనిపిస్తుందో చెప్పాలి. జయోనిజం అంటే ఒకరికి 1940ల్లో ఏ దేశమూ రానివ్వక చనిపోయిన ముత్తాత, ఇంకొకరికి బుల్డోజర్. వాళ్లు వాదిస్తున్నది ఒకే మాట గురించి కాదని అప్పుడు తెలుస్తుంది.

తర్వాత మూడు ప్రశ్నలు, వరుస మార్చకుండా. ఈ విషయం మీ జీవితాన్ని ఎక్కడ తాకింది? దీనిలో మీకు ప్రాణమైనది ఏది? మీవాళ్ల వాదనలో మీకే అనుమానంగా, ఇబ్బందిగా ఉన్నది ఏది? మూడోదాని దగ్గర గది నెమ్మదిస్తుంది. ఎవరైనా జవాబిచ్చాక వెంటనే ఎదుటివైపువాళ్లు దాన్ని పట్టుకుని 'చూశావా, నువ్వే ఒప్పుకున్నావు' అంటే మొత్తం పోయినట్టే. అది ముందే చెప్పి ఉంచండి.

ఇక హిల్లెల్ పద్ధతి. జతలో ఒకరు ఐదు నిమిషాలు చెప్తారు, రెండోవాళ్లు దాన్ని తిరిగి చెప్తారు. 'అవును, అదే నేనన్నది' అని మొదటివాళ్లు అనేదాకా మళ్లీ మళ్లీ. ఇది వినడానికి తేలిక, చేయడానికి నరకం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయి, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయిన రోజును క్రైస్తవ విద్యార్థి 'కానీ' అనకుండా చెప్పి ముగించాలి. గాజాలో కుప్పకూలిన ఇళ్ల కింద పోయిన పదుల వేల ప్రాణాలను యూదు విద్యార్థి 'కానీ' అనకుండా చెప్పి ముగించాలి. 'కానీ' తరవాత చెప్పొచ్చు, తన వంతు వచ్చినప్పుడు.

గదిలో లేనివాళ్లు

ఇద్దరూ బాగా కలిసిపోతున్నారని అనిపించినప్పుడు నాకు అనుమానం మొదలవుతుంది. మార్క్ ఎల్లిస్ అనే యూదు వేదాంతి దీనికి 'ఎక్యుమెనికల్ డీల్' అని పేరు పెట్టారు. పాత పాపాలకు పశ్చాత్తాపంగా క్రైస్తవులు పాలస్తీనీయుల గురించి నోరు మూసుకోవడం, అదే స్నేహమని ఇద్దరూ అనుకోవడం. అది నిజంగా జరుగుతుంది, నా బృందంలోనే జరిగింది. దెబ్బ తగిలినవాడు బయట ఉండగా లోపల ఇద్దరం టీ తాగి కౌగిలించుకున్నాం.

కాబట్టి ఐదో వారం పాలస్తీనా క్రైస్తవుల మాట గదిలోకి రావాలి. వీలైతే మనిషినే పిలవండి, ఒక్కణ్నే పిలిచి పన్నెండుమంది మధ్య నిలబెట్టకుండా ఇద్దరిని పిలవండి. వీలు కాకపోతే 2009 డిసెంబర్‌లో బెత్లెహేములో వాళ్లు విడుదల చేసిన కైరోస్ పాలస్తీనా ప్రకటన చదవండి. అందులో చాలామంది యూదులకు కోపం తెప్పించే భాగాలున్నాయి, ఆ సంగతి ముందే చెప్పి చదివించండి. అలాగే తమవాళ్లను పోగొట్టుకున్న ఇజ్రాయెలీ, పాలస్తీనా కుటుంబాలు కలిసి 1995 నుంచి నడుపుతున్న పేరెంట్స్ సర్కిల్ సభ్యుల మాటలు వినిపించండి. వాళ్ల ముందు మన పోలికలు చిన్నబోతాయి. 'మా దేశంలోనూ ఇంతే' అని కశ్మీర్‌నో దేశ విభజననో తెచ్చే అలవాటు మన భారతీయ విద్యార్థులకు ఉంది. ఒక్కసారి చెప్పి ఊరుకోండి.

గొడవైతే

అవుతుంది. ఎవరో ఏడుస్తారు, ఎవరో లేచి వెళ్లిపోతారు. నడిపే ఇద్దరిలో ఒకరు బయటికెళ్లినవాళ్ల వెంట వెళ్లాలి, రెండోవాళ్లు గదిలో ఉండాలి, ఇది మీ ఇద్దరి మధ్య ముందే ఒప్పందం. రెండు నిమిషాలు ఊరికే కూర్చోవడానికి భయపడకండి. ప్రార్థన చేద్దామని మాత్రం అనకండి. టెన్షన్ రాగానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టడం మన చర్చిల్లో పెరిగినవాళ్లకు అలవాటు, యేసు నామమున అని ముగిస్తాం కూడా. ఆ గదిలో సగంమందికి అది తలుపు మొహం మీద వేసినట్టు.

ఆరో వారం: ప్రసంగం తెచ్చుకోండి

ప్రతి ఒక్కరూ తమ జనానికి చెప్పబోయే ప్రసంగంలోంచి రెండు పేజీలు రాసుకొచ్చి అవతలి మతంవాళ్ల ముందు చదవాలి. విన్నవాళ్లు రెండే చెప్పాలి: ఎక్కడ నేను నీ ముందు వరసలో కూర్చోగలిగాను, ఎక్కడ లేచి వెళ్లిపోయేదాన్ని. ఒక మెథడిస్టు విద్యార్థి యోహాను సువార్తలో యేసు ప్రత్యర్థులకు వాడిన 'యూదులు' అనే మాటను పదకొండుసార్లు వాడాడు, తనకే తెలియదు. ఒక రబ్బీ విద్యార్థి ప్రసంగంలో బందీల పేర్లు ఉన్నాయి, గాజా అనే పేరు ఎక్కడా లేదు. అతను ఆ రాత్రి ఇంటికెళ్లి ఒక పేరా చేర్చాడు. అది చదివితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని కూడా భయపడ్డాడు. ఈ భయం గురించి కూడా ఇక్కడే మాట్లాడుకోనివ్వండి. అటు బోర్డు, ఇటు పాస్టొరేట్ కమిటీ, జీతం ఇచ్చేవాళ్ల భయం రెండు మతాల్లోనూ ఒకటే.

చివర్లో ఎవరో ఒకరు ఉమ్మడి ప్రకటన రాద్దామంటారు. వద్దని నా సలహా. ఒక్కో కామా కోసం కొట్టుకుని ఆరు వారాల పని గంటలో పోగొట్టుకుంటారు. దానికి బదులు జతలో ఉన్న ఇద్దరూ ఫోన్ నంబర్లు తీసుకుని ఒక్క మాట ఇచ్చుకోవాలి. అక్కడ మళ్లీ ఏదైనా జరిగితే, పోస్టు పెట్టే ముందు, ప్రసంగం రాసే ముందు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే ముందు ఒకళ్లకొకళ్లు ఫోన్ చేయాలి. ఫోన్ చేసి ఏం మాట్లాడాలని అడుగుతారు. 'మీవాళ్లు క్షేమమేనా?' అని అడిగితే చాలు. జవాబు వచ్చేదాకా లైన్లో ఉండాలి.